కణానికీ పగలూ రాత్రీ ఉన్నాయి

తూర్పు తెల్లబారకముందే కోడి కూస్తుంది. కలువాయి, ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ఊళ్లలో ఇది అందరూ ఎరిగిన సంగతే. నిమ్మతోటల్లో కాయకోతకు పోయే కూలీలు, మొదటి బస్సందుకుని నెల్లూరు పోవాల్సినవాళ్లు ఆ కూతకే పక్క దిగేవారు. ఆ వేళకు బయట కారుచీకటి. గంప కింద కమ్మేసిన పుంజుకైతే ఆ చీకటి ఇంకా చిక్కగా ఉంటుంది. మరి తెల్లవారబోతోందని దానికెవరు చెప్పారు?

జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో షిమ్మురా, యోషిమురా అనే పరిశోధకులు ఈ చిన్న ప్రశ్నను పట్టుకున్నారు. పుంజులను మూసిన గదిలో పెట్టి, రాత్రింబగళ్లు ఒకే మసక వెలుతురు ఉంచారు. ఆ గదిలో పొద్దు పొడవదు, కుంకదు. అయినా పుంజులు రోజుకోసారి, ఇంచుమించు అదే వేళకు కూస్తూ వచ్చాయి. వేళ తెలిపేదేదో వాటి ఒంట్లోనే ఉందని 2013లో ఆ పరిశోధన తేల్చింది. రెండేళ్ల తర్వాత అదే బృందం మరో ముచ్చటైన సంగతి బయటపెట్టింది. గుంపులో పెత్తనం చేసే పుంజు ముందు కూస్తుందట, మిగతావి తమ తమ స్థాయిని బట్టి దాని వెనక అందుకుంటాయట.

చింతచెట్టుదీ ఇదే దారి. పొద్దుగూకేసరికి ఆకులు జతలు జతలుగా ముడుచుకుంటాయి, తెల్లారితే విచ్చుకుంటాయి. అలెగ్జాండర్ దండయాత్రల కాలంలో ఆండ్రోస్థెనీస్ అనే గ్రీకు నావికుడు నేటి బహ్రెయిన్ ప్రాంతంలో ఇలాంటి చెట్టును చూసి రాసిపెట్టాడు. అది చింతే అయి ఉంటుందని పండితుల అభిప్రాయం. 1729లో ఫ్రాన్స్‌లో డి మేరాన్ అత్తిపత్తి మొక్కను చీకటి గదిలో పెట్టి చూశాడు. ఎండ తగలకపోయినా ఆకులు పగటివేళ విచ్చుకుని రాత్రివేళ ముడుచుకుంటూనే ఉన్నాయి.

మనిషి ఇందుకు మినహాయింపు కాదు. బయటి వెలుగు, గడియారం రెండూ తెలియకుండా మనుషులను ఉంచి చూస్తే వాళ్ల నిద్ర, ఒంటి వేడి, హార్మోన్లు తమంతట తాము ఒక చక్రం తిరుగుతాయి. ఆ చక్రం సగటున 24 గంటల 10 నిమిషాల చిల్లర. ఆ పది నిమిషాల తేడాను రోజూ పొద్దుటి వెలుగు సరిదిద్దుతుంది. ఈ దిద్దుబాటు ఏళ్ల తరబడి తప్పితే కణాల స్థాయిలో ఏం జరుగుతుంది, అది క్యాన్సరు దాకా పోతుందా అన్నది ఈ వ్యాసం విషయం. రాత్రి డ్యూటీ చేసేవాళ్ల ఇళ్లలో ఇది పుస్తకాల చర్చ కాదు, బతుకు ప్రశ్న.

ట్యాంకు నిండితే మోటారు ఆగినట్టు

కణంలో ముల్లూ లేదు, చక్రమూ లేదు. మరి వేళ ఎలా తెలుస్తుంది? దీనికి మొదటి ఆధారం ఈగల్లో దొరికింది. అరటిపళ్ల మీద ముసిరే చిన్న ఈగలను 1971లో అమెరికాలో కొనోప్కా, బెంజర్ పరీక్షించారు. వాటిలో మూడు రకాల తేడా ఈగలు కనిపించాయి. ఒక రకానికి రోజంటే 19 గంటలే. ఇంకో రకానికి 28 గంటలు. మూడో రకానికి వేళాపాళా లేదు. విచిత్రమేమంటే ఈ మూడు తేడాలకూ మూలం ఒకే జన్యువులో ఉంది. దానికి పీరియడ్ అని పేరు పెట్టారు. 1984లో జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్ ఒకచోట, మైకేల్ యంగ్ మరోచోట ఆ జన్యువును విడదీసి పట్టుకున్నారు. అక్కడి నుంచి మొత్తం యంత్రాంగాన్ని విప్పి చూపినందుకు ఈ ముగ్గురికీ 2017లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది.

యంత్రాంగం నిజానికి సులువే. ఇంటి మీద నీళ్ల ట్యాంకు ఉంది, దాని లోపల ఫ్లోటు ఉంది అనుకోండి. మోటారు ఆడుతుంటే నీళ్లు పైకొస్తాయి. నీళ్లతో పాటు ఫ్లోటు లేస్తుంది. ట్యాంకు నిండగానే ఫ్లోటే మోటారును ఆపేస్తుంది. వాడకంలో నీళ్లు తగ్గి ఫ్లోటు కిందికి దిగితే మోటారు మళ్లీ ఆడుతుంది. ఎవరూ స్విచ్చి వేయనక్కర్లేదు. పైకొచ్చిన నీళ్లే తమ రాకను తాము ఆపుకుంటున్నాయి.

కణంలో మోటారు పని చేసేవి క్లాక్, బీమల్1 అనే రెండు ప్రొటీన్లు. ఇవి రెండూ జతకట్టి డీఎన్‌ఏ మీద కూర్చుని పెర్, క్రై అనే ప్రొటీన్ల తయారీని మొదలుపెడతాయి. పెర్, క్రై గంటల తరబడి పోగవుతాయి. చాలినంత కాగానే కణకేంద్రంలోకి వచ్చి, తమను పుట్టించిన ఆ జంటనే ఆపేస్తాయి. తయారీ ఆగాక ఉన్న పెర్, క్రై మెల్లగా విరిగిపోతాయి. అవి తరిగిపోగానే జంటకు మళ్లీ స్వేచ్ఛ. ఈ ఒక్క చుట్టు తిరగడానికి పట్టే కాలం ఇంచుమించు ఒక రోజు. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఇది తిరుగుతోంది, కాలేయంలో, పేగుల్లో, చర్మంలో, ఎముక మూలుగలో, రొమ్ములో.

ఇన్ని గడియారాలు ఒక్క వేళకు ఎలా నడుస్తాయి? మెదడు అడుగున, రెండు కళ్ల నరాలు ఒకదాన్నొకటి దాటే చోటుకు సరిగ్గా పైన, సుమారు 20,000 నాడీకణాల చిన్న ముద్ద ఒకటి ఉంది. పెద్ద గడియారం అదే. కంటి వెనక పొరలో బొమ్మను చూడ్డానికి కాక, వెలుగు ఎంతుందో కొలవడానికే ఉన్న కణాలు కొన్ని ఉన్నాయి. నీలం పాలు ఎక్కువున్న వెలుగుకు ఇవి బాగా స్పందిస్తాయి. ఇవి పంపే కబురే పెద్ద గడియారానికి ఆధారం. అది చీకటిపడగానే పీనియల్ గ్రంథి చేత మెలటోనిన్ విడుదల చేయించి, రాత్రయిందని ఒళ్లంతటికీ తెలియజేస్తుంది. కాలేయం లాంటివి మాత్రం వెలుగుతో పాటు తిండి వేళనూ గట్టిగా పట్టించుకుంటాయి. రాత్రి రెండింటికి క్యాంటీన్లో భోంచేసే మనిషికి చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మెదడు గడియారం రాత్రంటుంది, కాలేయం పగలంటుంది.

రాత్రి మేలుకునే మన మనుషులు

పడమటి నెల్లూరులో రాత్రి మెలకువ కొత్త కాదు. 2004లో సేద్యానికి ఉచిత విద్యుత్తు వచ్చాక కూడా చాలా ఏళ్లు త్రీఫేస్ కరెంటు విడతలుగానే ఇచ్చారు. అందులో ఒక విడత అర్ధరాత్రో అపరాత్రో పడేది. బ్యాటరీ లైటు పట్టుకుని బోరు దగ్గరికి పోవడం, మోటారు ఆడించి కయ్యలకు నీళ్లు మలపడం, గట్టు మీదే కునుకు తీయడం ఆ కాలపు రైతులందరికీ అనుభవమే. పగటి కరెంటే కావాలని రైతులు పట్టుబట్టింది పాములకు, షాకులకు భయపడి. ఒంటి గడియారం వైపు నుంచి చూసినా ఆ కోరిక న్యాయమైనదే.

ఇప్పుడు రాత్రి మెలకువ పొలం నుంచి ఫ్యాక్టరీకి మారింది. మెట్ట మండలాల పిల్లలు కృష్ణపట్నం దగ్గరి థర్మల్ కేంద్రాల్లో, నాయుడుపేట, శ్రీసిటీ పరిశ్రమల్లో, చెన్నై ఆసుపత్రుల్లో, బెంగళూరు ఐటీ కంపెనీల్లో ఎ, బి, సి షిఫ్టులు చేస్తున్నారు. నర్సులకు, బస్సు లారీ డ్రైవర్లకు, కానిస్టేబుళ్లకు రాత్రి డ్యూటీ ఎప్పటినుంచో ఉంది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, మహిళలను వారి సమ్మతితో రాత్రి షిఫ్టుల్లోకి తీసుకునే వీలు కల్పించింది. ఉపాధి వైపు నుంచి ఇది కావలసిన మార్పే. రవాణా, భద్రత గురించి అప్పుడు మాట్లాడుకున్నాం. ఆ రాత్రులు వాళ్ల ఒంటికి ఏం చేస్తాయో కూడా మాట్లాడుకోవాలి.

కణం చీలే వేళ, డీఎన్‌ఏ బాగుపడే వేళ

క్యాన్సరు అంటే చీలడం ఆపని కణం. మామూలు కణం ఎప్పుడు పడితే అప్పుడు చీలదు. చీలికను ముందుకు తోసే జన్యువులు కొన్ని, పట్టి ఆపేవి కొన్ని. ఈ రెండు రకాల్లోనూ ముఖ్యమైనవి కొన్ని పైన చెప్పిన గడియారపు జంట అదుపులో ఉన్నాయి. 2002లో పెర్2 జన్యువు చెడిన ఎలుకల మీద రేడియేషన్ పంపి చూశారు. మామూలు ఎలుకల కంటే వాటికి కణితులు ఎక్కువ వచ్చాయి. అదే ఏడాది ఫ్రాన్స్‌లో ఎలుకల మెదడులోని పెద్ద గడియారాన్ని తీసేసి, వాటి ఒంట్లో కణితిని నాటి చూశారు. గడియారం ఉన్న ఎలుకల్లో కంటే లేనివాటిలో కణితి వేగంగా పెరిగింది.

చీలిక ఒక ఎత్తయితే మరమ్మతు మరో ఎత్తు. ఎండ తగిలినా, పొగ పీల్చినా, కణం తన పని తాను చేసుకుంటున్నా డీఎన్‌ఏ దెబ్బతింటూనే ఉంటుంది. ఒక్కో కణంలో రోజుకు వేల గాయాలు. వాటిని వెతికి, కత్తిరించి, కొత్త ముక్క అతికే ఏర్పాటు కణంలోనే ఉంది. ఆ ఏర్పాటు ఎలా నడుస్తుందో విడమరిచిన వారిలో ఒకరైన అజీజ్ సంజార్‌కు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. ఆయన ప్రయోగశాలలోనే ఇంకో సంగతి బయటపడింది. గాయాన్ని గుర్తించే ఎక్స్‌పీఏ అనే ప్రొటీను రోజంతా ఒకే మోతాదులో ఉండదు. గడియారాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. అంటే ఒకే గాయం ఒక వేళ తొందరగా మానుతుంది, మరో వేళ ఆలస్యంగా మానుతుంది.

ఈ పరిశోధనల్లో తెలుగు పేర్లు కనిపిస్తాయి. 2011లో సంజార్ బృందంలోని శోభన్ గడ్డమీది ఎలుకలను రెండు గుంపులు చేసి, అతినీలలోహిత కిరణాలను ఒక గుంపుకు తెల్లవారుజామున 4 గంటలకు, మరో గుంపుకు సాయంత్రం 4 గంటలకు ఇచ్చారు. కిరణాలు అవే, మోతాదు అదే. తెల్లవారుజామున తగిలిన గుంపులో చర్మపు కణితులు ముందుగా వచ్చాయి, దాదాపు ఐదింతలు వచ్చాయి. ఆ వేళకు ఎలుక చర్మంలో మరమ్మతు ప్రొటీను బాగా తగ్గి ఉంటుంది. ఎలుక రాత్రి తిరిగే జంతువు కాబట్టి మనిషికి వేళలు తారుమారవుతాయని పరిశోధకుల అంచనా. ఏ వేళ ఎండ మనిషికి ఎక్కువ చేటన్నది మాత్రం మనుషుల్లోనే పరీక్షించి తేల్చాలి.

మూడు రాత్రులు చాలు

ఎలుకల సంగతి సరే, మనుషుల మాటేమిటి? గడ్డమీది తర్వాత వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ బాల కొరిటాల, నిద్ర పరిశోధకుడు హాన్స్ వాన్ డాంగెన్ తదితరులతో కలిసి 2021లో ప్రచురించిన ప్రయోగం నా దృష్టిలో ఈ రంగంలో చాలా విలువైనది. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

స్పోకేన్ పట్టణంలోని నిద్ర పరిశోధనశాలలో ఆరోగ్యంగా ఉన్న 14 మందిని తీసుకున్నారు. సగం మందికి మూడు రోజులు పగటి షిఫ్టు, మిగతా సగానికి మూడు రోజులు రాత్రి షిఫ్టు. ఆ తర్వాత అందరినీ ఒక రోజంతా మేలుకునే ఉంచారు. వెలుతురు మారకుండా, వేడి మారకుండా, ఒకే తీరున ఆనుకుని కూర్చోబెట్టి, కొద్దికొద్దిగా ఒకే రకం తిండి పెట్టారు. బయటి నుంచి వేళ తెలిపేది ఏదీ లేకుండా చేసి, ఒంటి లోపల మిగిలిన లయను మాత్రమే చూడాలన్నది దీని ఉద్దేశం. మూడు గంటలకోసారి రక్తం తీసి తెల్లకణాలను పరీక్షించారు.

పగటి షిఫ్టు చేసినవాళ్లలో డీఎన్‌ఏ మరమ్మతు జన్యువులు కొన్ని వేళ ప్రకారం పెరుగుతూ తగ్గుతూ ఉన్నాయి. రాత్రి షిఫ్టు చేసినవాళ్లలో ఆ లయ చెదిరిపోయింది. క్యాన్సరుతో సంబంధమున్న జన్యువులు మరికొన్నింటి వేళలు కూడా మారాయి. రాత్రి షిఫ్టు వాళ్ల తెల్లకణాల్లో డీఎన్‌ఏ గాయాలు ఎక్కువగా కనిపించాయి. కణాలను విడదీసి రేడియేషన్‌కు గురిచేస్తే, సాయంత్రం వేళ రాత్రి షిఫ్టు వాళ్ల కణాలే ఎక్కువ దెబ్బతిన్నాయి. ఇదంతా మూడంటే మూడు రాత్రుల్లో.

పద్నాలుగు మందితో చేసిన పరీక్ష కాబట్టి దీన్నిబట్టి ఫలానావాళ్లకు క్యాన్సరు వస్తుందని చెప్పకూడదు. దెబ్బతిన్న డీఎన్‌ఏ చాలావరకు తర్వాత బాగుపడుతుంది కూడా. అయితే దారి ఎటు పోతోందో ఇది మనిషి రక్తంలోనే చూపించింది.

మెలటోనిన్ కథ దీనికి తోడు. 2005లో అమెరికాలో డేవిడ్ బ్లాస్క్ బృందం ఆరోగ్యంగా ఉన్న మహిళల రక్తాన్ని మూడు వేళల్లో సేకరించింది: పగలు, చీకటి రాత్రి, రాత్రిపూట గట్టి వెలుతురులో ఉంచాక. ఆ రక్తాన్ని ఎలుకల్లో పెంచిన మనిషి రొమ్ము కణితుల గుండా పంపారు. చీకటి రాత్రి తీసిన రక్తంలో మెలటోనిన్ నిండుగా ఉంది, దాంతో కణితి పెరుగుదల మందగించింది. వెలుతురులో గడిపిన రాత్రి రక్తానికి ఆ గుణం పోయింది, అది పగటి రక్తం లాగే పనిచేసింది.

[పెట్టె] ‘2ఎ’ అంటే ఏమిటి?

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఉంది. గడియారాన్ని చెదరగొట్టే షిఫ్టు పనిని అది 2007లో ‘2ఎ’ వర్గంలో చేర్చింది. మనిషికి క్యాన్సరు కలిగించే అవకాశం గట్టిగా ఉంది, పూర్తిగా రుజువు కాలేదు అని దీని అర్థం. 2019లో 16 దేశాల నుంచి 27 మంది శాస్త్రవేత్తలు కూర్చుని కొత్త ఆధారాలు చూసి రాత్రి షిఫ్టు పనిని అదే వర్గంలో ఉంచారు. జంతువుల్లో ఆధారం సరిపడా ఉందని, కణాల్లో ఏం జరుగుతుందో చూపే ఆధారం బలంగా ఉందని, మనుషుల్లో మాత్రం ఆధారం పరిమితమని వాళ్ల తీర్పు. రొమ్ము, ప్రొస్టేట్, పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ల పేర్లు అందులో ఉన్నాయి.

ఈ వర్గాలు ఆధారం ఎంత గట్టిదో చెబుతాయి, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పవు. మాంసాహారంలో ఎర్రమాంసం కూడా 2ఎ లోనే ఉంది. పొగాకు, సారాయి అంతకంటే పై వర్గంలో, రుజువైన వాటిలో ఉన్నాయి. రాత్రి డ్యూటీ గురించి బెంగపడుతూ గుట్కా నమిలేవాళ్లు ముందు మానాల్సింది గుట్కానే.

లెక్కలు ఎందుకు కలవడం లేదు?

2001లో అమెరికా నర్సుల అధ్యయనం ఒకటి వచ్చింది. సుమారు 78,000 మందిని ఏళ్ల తరబడి గమనిస్తే, 30 ఏళ్లకు పైగా మారుతుండే రాత్రి షిఫ్టులు చేసినవాళ్లలో రొమ్ము క్యాన్సరు 36 శాతం ఎక్కువగా కనిపించింది. ఈ 36 శాతాన్ని చూసి నూటికి 36 మందికి వస్తుందనుకోకూడదు. మామూలుగా 100 మందికి వచ్చే చోట 136 మందికి వచ్చింది అని అర్థం. డెన్మార్క్ ప్రభుత్వం ఆగలేదు. వారానికి కనీసం ఒక రాత్రి చొప్పున 20 ఏళ్లకు పైగా పనిచేసి రొమ్ము క్యాన్సరు బారిన పడిన మహిళలు దాదాపు 40 మందికి వృత్తిజన్య జబ్బు కింద పరిహారం ఇచ్చింది.

2016లో బ్రిటన్ పరిశోధకులు పది అధ్యయనాలను కలిపి, సుమారు 14 లక్షల మంది మహిళల సమాచారం చూశారు. రాత్రి పనికీ రొమ్ము క్యాన్సరుకూ సంబంధం కనిపించలేదు. అందులో చాలామంది పెద్దవయసువాళ్లని, రాత్రి పని మానేసి చాలా ఏళ్లయినవాళ్లని విమర్శ వచ్చింది. వయసులో ఉండగా, ఎక్కువ రాత్రులు వరసగా చేసినవాళ్లకే ముప్పు ఉండవచ్చన్న వాదన ఇంకా నిలబడే ఉంది. వెలుగే తెలియని అంధ మహిళల్లో రొమ్ము క్యాన్సరు తక్కువగా ఉండటం కూడా వెలుగు పాత్ర వైపే వేలు చూపుతుంది.

నా మట్టుకు తేలిందిది. ముప్పు ఉంది, అది పొగాకంత పెద్దది కాదు, ఎన్ని ఏళ్లు, ఏ వయసులో, వరసగా ఎన్ని రాత్రులు అన్నదాన్ని బట్టి మారుతుంది. ఇంత తెలిశాక ‘పూర్తి రుజువు రానీ’ అని షిఫ్టుల పట్టికలు వేసేవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోవడం తప్పు.

మందుకూ వేళ ఉందా?

గడియారం జబ్బుకు దారి తీయగలిగితే వైద్యంలోనూ దాని పాత్ర ఉండాలి కదా. ఇక్కడ కథ భీమవరం వైపు మళ్లుతుంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహించారు. ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసి, దాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే మందులను ఆయన బృందం రూపొందించింది. ఆ మందులతోనే బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో రక్తక్యాన్సరున్న పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గడం చూపించాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఆయన బృందం ఇచ్చిన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల రక్తక్యాన్సరు వైద్యంలో వాడుతున్నారు.

ఈ మందు కొత్త డీఎన్‌ఏ తయారవుతున్న కణాన్ని దెబ్బతీస్తుంది. క్యాన్సరు కణంతో పాటు, చీలుతున్న మంచి కణానికీ దెబ్బే. ఆరోగ్యవంతుల ఎముక మూలుగలో డీఎన్‌ఏ తయారీ పగటిపూట ఎక్కువగా, అర్ధరాత్రి ప్రాంతంలో తక్కువగా ఉంటుందని నార్వే పరిశోధకులు 1991లో చూపారు. చాలా క్యాన్సరు కణాలకు ఈ లయ ఉండదు. అలాంటప్పుడు మంచి కణాలు సద్దుమణిగిన వేళ మందు పడితే మేలు కదా?

అంతకుముందే, 1985లో, కెనడాలోని మాంట్రియల్ వైద్యులు 118 మంది పిల్లల వివరాలు ప్రచురించారు. ఇంట్లో వేసుకునే మెథోట్రెక్సేట్, మెర్కాప్టోప్యూరిన్ మాత్రలను సాయంత్రం వేసుకున్న పిల్లల్లో కంటే ఉదయం వేసుకున్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం చాలా ఎక్కువ. ఈ ఫలితం చూసి ఎన్నో దేశాల్లో రాత్రి మోతాదు ఆనవాయితీ అయింది. తీరా 2014లో ఉత్తర ఐరోపా దేశాల వైద్యులు, 2017లో అమెరికా వైద్యులు పెద్ద సంఖ్యలో పిల్లలను చూస్తే వేళను బట్టి తేడా కనిపించలేదు. తేడా కనిపించింది మరోచోట. మెర్కాప్టోప్యూరిన్ మాత్ర వేయాల్సిన రోజుల్లో నూటికి ఐదు కంటే ఎక్కువ తప్పిన పిల్లలకు జబ్బు తిరగబెట్టే ముప్పు గణనీయంగా పెరిగింది. మెట్ట ఊళ్ల తల్లిదండ్రులు గట్టిగా పట్టుకోవాల్సింది ఈ మాటను. ఏ మాత్రనైనా డాక్టరు రాసిన రోజుల్లోనే, ఒకే వేళకు, ఒక్క మోతాదూ తప్పకుండా.

సెలైన్ ద్వారా ఎక్కించే మందులదీ ఇలాంటి కథే. ఫ్రాన్స్‌లో ఫ్రాన్సిస్ లేవీ 1997లో పెద్దపేగు క్యాన్సరు రోగులు 186 మందితో పరీక్ష చేశాడు. మందును గడియారం ప్రకారం ఎక్కిస్తే నోటిపూత బాధ 76 శాతం నుంచి 14 శాతానికి పడిపోయింది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేని కీమో రోగిని దగ్గరగా చూసినవాళ్లకు ఈ అంకెల విలువ తెలుస్తుంది. అయితే 2006లో 564 మందితో చేసిన పెద్ద పరీక్షలో మగవాళ్లకు మేలు, ఆడవాళ్లకు కీడు జరిగింది. ఆడ మగ గడియారాల్లో తేడా ఉండొచ్చన్న ఆలోచన అక్కడి నుంచి బలపడింది. రోగనిరోధక శక్తిని లేపే కొత్త మందులను పొద్దున ఎక్కిస్తే మంచి ఫలితం వస్తోందని 2021లో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయం వైద్యులు చర్మ క్యాన్సరు రోగుల్లో గమనించారు. 2025లో చైనా వైద్యులు ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులను చీట్లు వేసి రెండు గుంపులు చేసి పరీక్షించి, మధ్యాహ్నం మూడు లోపు ఎక్కించిన గుంపుకే ఎక్కువ మేలు జరిగిందని చెప్పారు.

క్యాన్సరు కణాలకూ వేళ ఉందని 2022లో స్విట్జర్లాండ్ పరిశోధకులు చూపించారు. రొమ్ము క్యాన్సరున్న 30 మంది మహిళల రక్తాన్ని ఉదయం 10 గంటలకు, తెల్లవారుజామున 4 గంటలకు తీశారు. కణితి నుంచి విడిపోయి రక్తంలో తిరిగే కణాల్లో నాలుగింట మూడొంతులకు పైగా తెల్లవారుజాము రక్తంలోనే దొరికాయి. రోగి నిద్రపోతున్న వేళ అది. అందుకని రోగులు నిద్ర మానుకోకూడదు. రక్తపరీక్షకు, మందుకు ఏ వేళ సరైనదో వైద్యులు ఆలోచించాలని మాత్రమే దీని అర్థం.

మన దగ్గర పరిస్థితి వేరు. కలువాయి నుంచి తిరుపతికో, చెన్నై అడయారుకో కీమోకు వెళ్లే మనిషికి మందు ఎక్కే వేళను నిర్ణయించేది బస్సు, ఓపీ చీటీ, మంచం ఖాళీ. ఒంటి గడియారానికి ఆ వరసలో చోటే లేదు. ఆసుపత్రులు ఒక్క పని వెంటనే చేయవచ్చు. దూరం నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవాళ్లను సాయంత్రం దాకా కూర్చోబెట్టకుండా పొద్దున్నే చూడటం. గడియారపు లాభం ఎంతో పూర్తిగా తేలకపోయినా రోగికి అలసట తగ్గుతుంది.

షిఫ్టు పట్టిక వేసేవాళ్లకు, చేసేవాళ్లకు

మనిషి గడియారం 24 గంటల కంటే కాస్త పొడుగు. అందుకే షిఫ్టు ముందుకు జరిగితే, అంటే ఉదయం నుంచి మధ్యాహ్నానికి, అక్కడి నుంచి రాత్రికి మారితే ఒళ్లు తట్టుకుంటుంది. రాత్రి నుంచి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం నుంచి ఉదయానికి వెనక్కి జరిగితే కష్టం. అమెరికాలోని ఒక ఖనిజాల కంపెనీలో 1982లోనే దీన్ని పరీక్షించి చూపారు. పైసా ఖర్చు లేని ఈ మార్పును మన ఫ్యాక్టరీలు, ఆసుపత్రులు ఎందుకు చేయకూడదు? వరస రాత్రుల సంఖ్యను తగ్గించడం, రాత్రి డ్యూటీ దిగిన మనిషిని మర్నాడే పగటి డ్యూటీకి పిలవకపోవడం కూడా యాజమాన్యం చేతిలో పనే. ‘బాగా నిద్రపో’ అని కార్మికుడికి చెప్పి ఊరుకుంటే సరిపోదు. రేకుల ఇంట్లో, మే నెల ఎండలో, పిల్లల అల్లరి మధ్య పగటిపూట ఎవరు నిద్రపోగలరు?

ఇంట్లోవాళ్లు చేయగలిగింది కొంత ఉంది. డ్యూటీ దిగి వచ్చిన మనిషికి కిటికీ మూసి చీకటి గది ఇవ్వండి. ఆ నాలుగైదు గంటలు ఎవరినీ లేపనివ్వకండి. అర్ధరాత్రి పెద్ద భోజనం చేయకుండా, డ్యూటీకి ముందే తిని వెళ్లేలా చూడండి. పగటి పని చేసేవాళ్లయినా రాత్రి పొద్దుపోయేదాకా ఫోను కళ్ల దగ్గర పెట్టుకోవద్దు, పొద్దున్నే కాసేపు ఆరుబయట వెలుతురులో ఉండాలి.

మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు దీన్ని వారానికి ఒక్కసారే ఇస్తారు. రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ మందు గానీ మరే క్యాన్సరు మందు గానీ, వేళ మార్చాలనిపిస్తే ముందు డాక్టరునడగండి. ముప్పయ్యేళ్లు దాటిన ప్రతివాళ్లకూ నోటి క్యాన్సరు, మహిళలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు పరీక్షలు జాతీయ కార్యక్రమం కింద ఉచితం. ఏఎన్‌ఎం ఇంటికి వచ్చినప్పుడు రాత్రి డ్యూటీ చేసి నిద్రలో ఉన్నామని ఆమెను తిప్పి పంపవద్దు. ఫలానా రోజు వస్తామని చెప్పి, ఆ రోజు తప్పకుండా వెళ్లి పరీక్ష చేయించుకోండి.